మెదడు రక్తనాళం సన్నబడిందన్న అనుమానమా? ఏ స్కాన్ దేనికి, దేన్ని ఎంతవరకు నమ్మాలి

"మొన్ననే ఎమ్మారై తీయించాం సార్. మళ్లీ ఇదెందుకు రాశారు?"

నేను రేడియోగ్రాఫర్‌ని. కొన్నేళ్లు నెల్లూరులో చేశాను, ఇప్పుడు ఒంగోలులో స్కానింగ్ మిషన్ల దగ్గరే పని. చీటీ పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డ వాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఇంట్లో పెద్దాయనకు పొద్దున మూతి కాస్త వంకర పోయి, అరగంటలో దానంతటదే సర్దుకుని ఉంటుంది. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం ఎక్కడో సన్నబడి ఉండొచ్చని డాక్టరు అని ఉంటారు. యాంజియో అంటే రక్తనాళాలను చూసే స్కాన్. ఒకరు ఎమ్మార్ యాంజియో అంటారు, ఇంకొకరు సీటీ యాంజియో అంటారు. చెన్నైలో ఉన్న బావమరిది ఫోన్ చేసి, తొడలోంచి వైరు పంపించి చేసే పరీక్షే అసలైనదంటాడు. ఎవరి మాట వినాలో తెలియక ఇంటిల్లిపాదికీ టెన్షన్.

ఏ స్కాన్ చేయాలో రాయాల్సింది డాక్టరే. అయితే ఒక్కో స్కాన్ ఏం చూపిస్తుందో, ఎక్కడ తడబడుతుందో మీకు తెలిస్తే ఆయన్ను సరైన ప్రశ్న అడగగలుగుతారు. ఆ ప్రశ్న అడగక రెండుసార్లు చెన్నై తిరిగొచ్చిన కుటుంబాలను చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

అంతకంటే ముందు ఒక మాట. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం ఇప్పుడే మొదలై ఉంటే ఇది చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి. నాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. పెద్ద నాళం మూసుకుపోయిన వాళ్లలో కొందరికి 24 గంటల వరకు కూడా ఆ గడ్డను బయటికి లాగే అవకాశం ఉంటుంది. పక్షవాతానికి పసరు పోస్తారని ఏదో ఊరికి తీసుకెళ్లి, ఆ సమయమంతా అక్కడే పోగొట్టుకుని వచ్చిన వాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వీలైతే సీటీ, న్యూరాలజిస్టు రెండూ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లండి. అక్కడ ఏ స్కానో ఎంచుకునే పని మీది కాదు, డ్యూటీ డాక్టరు చూసుకుంటారు.

## ముందు తేల్చుకోవాల్సినవి

మామూలు ఎమ్మారై బ్రెయిన్ నాళాలను చూడటానికి తీసేది కాదు. అది ముఖ్యంగా మెదడు కండను చూపిస్తుంది. మన పెన్నా ఆయకట్టు రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. మడి ఎండిందా అని చూడటం వేరు, కాలువలో పూడిక ఎక్కడుందో చూడటం వేరు. మడి ఇంకా పచ్చగానే ఉండి, కాలువ సగం పూడిపోయి ఉండొచ్చు. అందుకే మామూలు ఎమ్మారై నార్మల్ వచ్చినా డాక్టరు యాంజియో రాస్తారు. మెడ మీద చేసే కెరోటిడ్ డాప్లర్ కూడా ఇంతే. అది మెడలోని నాళాలను చూస్తుంది, పుర్రె లోపలికి పోదు. మీ చేతిలోని రిపోర్టు పైన "యాంజియో" అన్న మాట ఉందో లేదో ముందు చూసుకోండి.

తర్వాత డాక్టరుకు ఏం తెలియాలో కనుక్కోవాలి. నాళం సన్నబడిందా లేదా అన్నది ఒక ప్రశ్న. సన్నబడితే ఎంత అన్నది రెండోది. ఎందుకు సన్నబడింది అన్నది మూడోది. ఈ మూడింటికీ ఒకే స్కాన్ సరిపోదు.

మిగిలినవి రోగి ఒంటికి సంబంధించినవి. కిడ్నీలు ఎలా ఉన్నాయి, ఒంట్లో పేస్‌మేకర్ లాంటిది ఉందా, మిషన్ లోపల అరగంట కదలకుండా పడుకోగలరా. చివరగా అది ఎక్కడ దొరుకుతుంది, ఎంత దూరం పోవాలి అన్నది.

| పరీక్ష | బాగా చెప్పేది | తడబడేది | ఎవరు జాగ్రత్తగా ఉండాలి |
|---|---|---|---|
| తల డాప్లర్ | రక్తం ఎంత వేగంతో పోతోందో | సన్నబడిన శాతం కచ్చితంగా చెప్పలేదు | కణత ఎముక మందంగా ఉన్నవాళ్లు, అందులో పెద్దవయసు ఆడవాళ్లు ఎక్కువ |
| ఎమ్మార్ యాంజియో | సన్నబడటం లేదని చెప్పడంలో గట్టిది | ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపవచ్చు | పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, ఇరుకు గదంటే భయపడేవాళ్లు |
| సీటీ యాంజియో | ఎంత సన్నబడిందో, త్వరగా | నాళం గోడలో సున్నం (కాల్షియం) గట్టిపడిన చోట | కిడ్నీ జబ్బు, కాంట్రాస్ట్ (స్కాన్ కోసం ఎక్కించే మందు) అలర్జీ ఉన్నవాళ్లు |
| క్యాథెటర్ యాంజియో (తొడలోంచి చేసేది) | కచ్చితమైన కొలత, రక్తం నడిచే తీరు | నాళం గోడ లోపల ఏముందో చూపదు | అందరూ, ఎందుకంటే నాళంలోకి వైరు పోతుంది |
| నాళం గోడ ఎమ్మారై | ఎందుకు సన్నబడిందో | శాతం కొలవడానికి దీన్నే నమ్ముకోలేం | బాగా దెబ్బతిన్న కిడ్నీలు, కదలకుండా ఉండలేనివాళ్లు |

## తల డాప్లర్

కణత మీద చిన్న ప్రోబ్ పెట్టి శబ్ద తరంగాలతో చేసేది. 1982 నుంచి వాడుకలో ఉంది. రేడియేషన్ లేదు, ఇంజెక్షన్ లేదు, మంచం దగ్గరే చేయొచ్చు. కానీ కొందరికి కణత ఎముక మందంగా ఉండి తరంగాలు లోపలికి పోవు, అప్పుడు ఏమీ కనిపించదు. చేసే మనిషి నైపుణ్యం మీద చాలా ఆధారపడుతుంది. ఒకసారి జబ్బు తేలాక మధ్యమధ్యలో చూసుకోవడానికి పనికొస్తుంది. తొలి నిర్ణయం దీని మీదే తీసుకోకండి.

## ఎమ్మార్ యాంజియో

ఎక్కువమందికి మొదట రాసేది ఇదే. సాధారణ పద్ధతిలో ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. పారే రక్తమే తెల్లగా మెరుస్తుంది, కదలనిది నల్లగా ఉంటుంది. ఈ యాంజియో ఒక్కదానికి కొద్ది నిమిషాలు చాలు. మామూలు ఎమ్మారైతో కలిపి చేస్తే అరగంట, ముప్పావు గంట పడుతుంది.

దాని బలం, బలహీనత రెండూ ఒక్కచోటే ఉన్నాయి. మిషన్ చూసేది నాళాన్ని కాదు, అందులో పారే రక్తాన్ని. సన్నని చోట రక్తం సుడి తిరిగినా, దాటాక మందగించినా అక్కడ మెరుపు పోతుంది. బొమ్మలో నాళం తెగిపోయినట్టు కనిపిస్తుంది, నిజానికి లోపల దారి ఉంటుంది. సగం సన్నబడిన నాళం ముప్పాతిక సన్నబడినట్టు అగుపించడం మాకు కొత్త కాదు.

2007లో వెలువడిన సోనియా అనే అమెరికా అధ్యయనం దీన్ని లెక్కల్లో చూపింది. 50 నుంచి 99 శాతం సన్నబడటాన్ని కనిపెట్టడంలో ఎమ్మార్ యాంజియోను, తల డాప్లర్‌ను క్యాథెటర్ యాంజియోతో పోల్చి చూశారు. ఎమ్మార్ యాంజియో "లేదు" అన్నప్పుడు 91 శాతం సార్లు అది నిజమైంది. "ఉంది" అన్నప్పుడు నిజమైంది 59 శాతమే. డాప్లర్‌లో అవే అంకెలు 86, 36. ఆ తర్వాత మిషన్లు మెరుగయ్యాయి, 3 టెస్లా మిషన్లో బొమ్మ 1.5 టెస్లా కంటే స్పష్టంగా వస్తుంది (టెస్లా అంటే మిషన్ అయస్కాంత బలానికి కొలత). అయినా ఆ తీరు మారలేదు.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. ఎమ్మార్ యాంజియో బాగా వచ్చి నార్మల్ అంటే చాలావరకు నిబ్బరంగా ఉండొచ్చు. సన్నబడిందని అంటే మాత్రం, పెద్ద నిర్ణయం తీసుకునే ముందు ఇంకో సాక్షి కావాలి.

## సీటీ యాంజియో

మోచేతి దగ్గర నరానికి సూది పెట్టి, అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందు వేగంగా ఎక్కించి, అది మెదడు నాళాల్లోకి చేరిన క్షణంలో సీటీ తీస్తారు. అసలు స్కాన్ కొద్ది సెకన్లే. మందు పోతున్నప్పుడు ఒళ్లంతా వేడి పాకినట్టు, మూత్రం వచ్చేసినట్టు అనిపిస్తుంది. అది మామూలే, నిమిషంలో పోతుంది. నేను ముందే చెప్తాను, చెప్పకపోతే చాలామంది భయపడి కదిలిపోతారు, బొమ్మ చెడుతుంది.

ఇది రక్తం వేగాన్ని నమ్ముకోదు. మందు నిండిన దారినే చూపిస్తుంది కాబట్టి, ఎంత సన్నబడిందన్న కొలత ఎమ్మార్ కంటే దగ్గరగా వస్తుంది. ఎమ్మార్ యాంజియోకు రెండో సాక్షిగా దీన్నే ముందు అడుగుతాను. ఇబ్బంది సున్నంతో. షుగర్, బీపీ ఏళ్ల తరబడి ఉన్న పెద్దవాళ్లకు పుర్రె అడుగు భాగంలో నాళం గోడ సున్నం పట్టి ఉంటుంది. సీటీలో ఆ సున్నం ఉన్నదానికంటే ఉబ్బి కనిపించి, పక్కన దారి సన్నబడినట్టు చూపిస్తుంది.

కిడ్నీ సంగతి మన వైపు ప్రత్యేకంగా చెప్పాలి. కనిగిరి వైపు ఊళ్లలో కిడ్నీ జబ్బుల గురించి పేపర్లు చదివే వాళ్లందరికీ తెలుసు. అటునుంచి ఎవరైనా వస్తే నేను ముందు క్రియాటినిన్ (కిడ్నీల కోసం చేసే రక్తపరీక్ష) రిపోర్టే అడుగుతాను. కిడ్నీ పనితీరును చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తక్కువ ఉంటే, తొందర లేని స్కాన్‌కు ఈ మందు ఎక్కించడం గురించి డాక్టరు మళ్లీ ఆలోచిస్తారు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు అది ముందే చెప్పాలి. దాన్ని ఆపాలా వద్దా, ఎన్ని రోజులు అన్నది డాక్టరు చెప్తారు, సొంతంగా ఆపేయకండి. ఎమర్జెన్సీలో మాత్రం క్రియాటినిన్ రిపోర్టు కోసం స్కాన్ ఆపరు. అప్పుడు కాపాడాల్సింది మెదడును.

ఇంకొకటి. "ఆయనకు రొయ్యలు పడవు, అయోడిన్ మందు ఎలా ఇస్తారు?" అని నెల్లూరులో ఎందరో అడిగారు. రొయ్యల అలర్జీ వాటిలోని ప్రోటీన్ వల్ల వస్తుంది, అయోడిన్ వల్ల కాదు. రొయ్యలు పడనంత మాత్రాన ఈ స్కాన్ మానక్కర్లేదు. ఇంతకుముందు కాంట్రాస్ట్ మందుకే దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే మాత్రం తప్పకుండా చెప్పాలి.

## క్యాథెటర్ యాంజియో

చెన్నై బావమరిది చెప్పింది అబద్ధం కాదు. డీఎస్‌ఏ అనే ఈ పరీక్షే ఇప్పటికీ మిగిలినవాటికి కొలబద్ద. 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మొనీజ్ మొదలుపెట్టిన పద్ధతికి ఇది నేటి రూపం. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో నాళంలోంచి సన్నని గొట్టం పంపి, మెదడు నాళాల మొదట్లో మందు వదిలి వరుసగా బొమ్మలు తీస్తారు. దారి ఎంత సన్నబడిందో కాక, పక్క నాళాల నుంచి ఆ భాగానికి రక్తం ఎలా చేరుతోందో కూడా కళ్లముందు కనిపిస్తుంది. ఆ రెండోది ఇంకే స్కానూ ఇంత బాగా చూపించదు.

కానీ ఇది లోపలికి చేసే పరీక్ష. అనుభవం ఉన్న చేతుల్లో శాశ్వత నష్టం జరిగే అవకాశం ఒక శాతం కంటే తక్కువే, అయినా సున్నా కాదు. పక్షవాతం రాకుండా చేసే పరీక్షలో పక్షవాతం వచ్చే అవకాశం, ఎంత చిన్నదైనా, కుటుంబానికి విడమరిచి చెప్పాలి. సంతకం పెట్టే ముందు అడిగి తెలుసుకోండి. తొడలోంచి చేస్తే కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోవాలి. కాంట్రాస్ట్ మందు ఇక్కడా ఎక్కుతుంది, కిడ్నీ జాగ్రత్తలు ఇక్కడా అవే. ఇది క్యాథ్‌ల్యాబ్, అనుభవం ఉన్న డాక్టరు రెండూ ఉన్నచోటే. కాబట్టి చాలామంది నెల్లూరు వాళ్లు చెన్నైకో తిరుపతికో, ఒంగోలు వాళ్లు గుంటూరుకో విజయవాడకో వెళ్తుంటారు.

దీని ఫలితం వల్ల వైద్యం మారేట్టయితేనే ఇది చేయించుకోవాలని నా అభిప్రాయం. స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం) ఆలోచన లేదు, మందులే వాడతాం అనుకున్నప్పుడు చాలామందికి సీటీ యాంజియోతో సరిపోతుంది.

## నాళం గోడను చూసే ఎమ్మారై

పైన చెప్పినవన్నీ నాళం లోపలి దారినే చూపిస్తాయి. దారి సన్నబడటానికి కారణం గోడలో ఉంటుంది. ఈ ఎమ్మారైలో రక్తం నల్లగా, గోడ తెల్లగా కనిపించేలా చేసి, గెడోలినియం అనే మందు ఎక్కించాక మళ్లీ తీస్తారు. కొవ్వు పూడికైతే గోడ ఒకపక్కే మందంగా ఉంటుంది. వాపు జబ్బైతే చుట్టూ సమానంగా మందమై మెరుస్తుంది. గోడ చీలి అందులోకి రక్తం పోయి ఉంటే ఆ రక్తం కనిపిస్తుంది. కారణాన్ని బట్టి మందులే మారిపోతాయి. ఒకరికి ఆస్పిరిన్, స్టాటిన్ (కొలెస్ట్రాల్ మందు) కావాలి, ఇంకొకరికి స్టెరాయిడ్ కావాలి. దీనికి సాధారణంగా 3 టెస్లా మిషన్, ఆ పని తెలిసిన రేడియాలజిస్టు ఉండాలి. అందరికీ ఇది అవసరం లేదు.

## రెండు రిపోర్టుల్లో రెండు శాతాలు ఎందుకొస్తాయి

కావలి నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారు నా ముందు రెండు రిపోర్టులు పరిచారు. ఒకదాంట్లో 70 శాతం, వారం తర్వాత ఇంకోచోట తీసినదాంట్లో 50 శాతం. "ఎవరు అబద్ధం చెప్పారయ్యా?" అన్నారు. ఎవరూ చెప్పలేదు.

శాతం లెక్క ఇలా ఉంటుంది. సన్నని చోట వెడల్పును, దానికి ముందు బాగున్నచోటి వెడల్పుతో పోలుస్తారు. మెదడు మధ్య నాళం వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు అనుకోండి. సన్నని చోట 1.5 మిల్లీమీటర్లు ఉంటే 50 శాతం. 1.2 ఉంటే 60. 0.9 ఉంటే 70. అంటే 50కీ 70కీ మధ్య తేడా 0.6 మిల్లీమీటరే. ఎమ్మార్ యాంజియో బొమ్మలో ఒక్కో చుక్క అర మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. ఒక్క చుక్క అటూ ఇటూ అయితే శాతం మారిపోతుంది. మాస్టారికి కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే లెక్కల మాస్టారు కాబట్టి వెంటనే తలూపారు.

ఈ అంకెలతో ఎందుకింత గొడవంటే, 70 దాటితే స్టెంట్ మాట వస్తుంది. ఆ మాట వచ్చినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. 2011లో వెలువడిన సాంప్రిస్ అధ్యయనంలో 70 నుంచి 99 శాతం సన్నబడి, అప్పటికే స్ట్రోకో చిన్న స్ట్రోకో వచ్చిన 451 మందిని రెండు వర్గాలు చేశారు. మొదటి 30 రోజుల్లో స్ట్రోకో మరణమో జరిగింది స్టెంట్ వేసినవాళ్లలో 14.7 శాతం, గట్టిగా మందులు వాడినవాళ్లలో 5.8 శాతం. 2022లో చైనా నుంచి వచ్చిన కాసిస్ అధ్యయనంలో కూడా మందులకు స్టెంట్ కలిపినందువల్ల అదనపు మేలు కనిపించలేదు. అందుకే ఇప్పుడు ముందు మందులు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అదుపు, పొగ మానడం. ఇవన్నీ చేశాక కూడా మళ్లీ మళ్లీ లక్షణాలు వస్తే అప్పుడు స్టెంట్ ఆలోచన. ఒక్క ఎమ్మార్ యాంజియో చూసి స్టెంట్ అంటే, సీటీ యాంజియోతోనో డీఎస్‌ఏతోనో సరిచూశాకే ఒప్పుకోండి. అలా అడగడం డాక్టరును అనుమానించడం కాదు.

## ఎవరికి ఏది

లక్షణాలు వచ్చి పోయినవాళ్లు. మూతి వంకరో, మాట తడబాటో వచ్చి సర్దుకుంది కదా అని ఇంట్లో కూర్చోకండి. అసలు స్ట్రోక్ వచ్చే ప్రమాదం తర్వాతి కొద్ది రోజుల్లోనే ఎక్కువ. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లి, మామూలు ఎమ్మారైతో పాటు మెడ, తల రెండింటి యాంజియో కలిపి చేయించడం గురించి అడగండి. నాళం సన్నబడటం మెడలో ఉండొచ్చు, తలలో ఉండొచ్చు. మన ఆసియా వాళ్లలో తల లోపలిదే ఎక్కువగా కనిపిస్తుంది.

క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లు. ఇంజెక్షన్ లేని ఎమ్మార్ యాంజియో మీకు మొదటిది. అది చాలకపోతే కిడ్నీ డాక్టరును కూడా కలుపుకుని తర్వాతి అడుగు వేయండి. గెడోలినియం రకాల్లో కిడ్నీకి ఎక్కువ భద్రమైనవి ఉన్నాయి, ఏ రకం వాడుతున్నారో అడగొచ్చు.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గొట్టంలో పడుకోలేనివాళ్లు. సీటీ యాంజియో. కొత్త పేస్‌మేకర్లలో కొన్నింటికి ఎమ్మారై పనికొస్తుంది, దాని కార్డు తీసుకురండి. కార్డు లేకుండా మేం లోపలికి పంపం.

యాభై లోపు వయసు, షుగర్ బీపీ లేకుండా స్ట్రోక్ వచ్చినవాళ్లు. ఇక్కడ ఎంత అన్నదానికంటే ఎందుకు అన్నదే ముఖ్యం. నాళం గోడ ఎమ్మారై కోసం పెద్ద ఊరికి పోవడం వృథా కాదు. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు తలనొప్పి వచ్చినవాళ్లలో నాళాలు తాత్కాలికంగా ముడుచుకుని, కొన్ని వారాల్లో మామూలయ్యే జబ్బు ఒకటుంది. దాన్ని మళ్లీ యాంజియో తీసే తేలుస్తారు. బాలింతకు తీవ్రమైన తలనొప్పి, ఫిట్స్ వస్తే మెదడు సిరల్లో గడ్డ కూడా చూడాలి. దానికి తీసేది వేరు, వీనోగ్రామ్ అంటారు. చీటీలో అది ఉందో లేదో కనుక్కోండి.

ఏ లక్షణమూ లేకుండా చెకప్ కోసం అడిగేవాళ్లు. వద్దనే చెప్తాను. రాయించకుండా సొంతంగా వచ్చి మెదడు యాంజియో తీయమనేవాళ్లు పెరుగుతున్నారు. చిన్న తేడా కనిపిస్తే ఏం చేయాలో తెలియక నెలల తరబడి దిగులు పడతారు. ఆ డబ్బుతో బీపీ మిషన్ కొనుక్కుని రోజూ చూసుకోవడం మేలు.

జబ్బు తేలి, మళ్లీ చూపించుకునేవాళ్లు. మొదట ఏ రకం స్కాన్ తీశారో అదే రకం, వీలైతే అదే మిషన్‌లో. పోయినసారి ఎమ్మార్, ఈసారి సీటీ అయితే జబ్బు మారిందా, స్కాన్ మారిందా అన్నది తేల్చలేరు.

## సెంటరుకు వచ్చే ముందు

ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి. చెప్పిన ధరలో కాంట్రాస్ట్ మందు కలిసి ఉందా, మిషన్ ఎన్ని టెస్లాలు, రిపోర్టుతో పాటు సీడీ ఇస్తారా. నేను ఒకప్పుడు పనిచేసిన చోట సీడీ అడిగితేనే ఇచ్చేవాళ్లు. అడగని ఉదయగిరి రైతు చెన్నైలో మళ్లీ మొదటినుంచి తీయించుకున్నాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ప్రభుత్వ పథకం కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కలవండి. ఏది వర్తిస్తుందో అక్కడే తెలుస్తుంది.

సీడీలో ఉన్నదే అసలు బొమ్మ. ఫిల్మ్ మీద వచ్చేది అందులోంచి ఏరిన కొన్ని ముక్కలే. శాతం మళ్లీ కొలవాలంటే డాక్టరుకు సీడీ కావాలి. ఫిల్మ్‌లు కూడా జాగ్రత్త, ఇప్పుడొచ్చేవి వేడికి నల్లబడతాయి. రోహిణి కార్తెలో ఒంగోలు బస్టాండు దగ్గర ఆపిన కారులో మధ్యాహ్నమంతా వదిలేసిన కవరు ఒకటి నా దగ్గరికి తెచ్చారు. తీసి చూస్తే ఫిల్మ్ అంతా నల్లగా అయిపోయింది. అదృష్టం, వాళ్ల సీడీ ఇంట్లో బీరువాలో ఉంది.